బ్లాక్ స్టడీసా, ఆఫ్రికన్ స్టడీసా, ఆఫ్రికానానా: మైనర్ ఏది తీసుకోవాలి?

ఆఫ్రికా గురించి, ఆఫ్రికా మూలాలున్నవాళ్ల గురించి చదివే సబ్జెక్టుకు అమెరికా కాలేజీల కేటలాగుల్లో ఒక్క పేరు లేదు. ఒకచోట బ్లాక్ స్టడీస్, ఇంకోచోట ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్, మరోచోట ఆఫ్రికన్ స్టడీస్, ఆఫ్రికానా, ఆఫ్రికన్ డయాస్పోరా. పెద్ద యూనివర్సిటీల్లో వీటిలో రెండు మూడు పక్కపక్కనే ఉంటాయి. ఆఫీసులు వేరు, అడ్వైజర్లు వేరు. అన్నీ ఒకటేలే అనుకుని ఒకదాన్ని మైనర్‌గా (ప్రధాన సబ్జెక్టయిన మేజర్ పక్కన చదివే చిన్న సబ్జెక్టు) డిక్లేర్ చేసేస్తే, అంటే కాలేజీలో నమోదు చేయించుకుంటే, తర్వాత తెలుస్తుంది, ఒకదాంట్లో స్వాహిలి రెండేళ్లు చదవాలని, ఇంకోదాంట్లో ఆఫ్రికా ఖండం మీద ఉన్నది ఒక్క కోర్సేనని.

ఈ తేడా పుట్టుకతోనే ఉంది. ఆఫ్రికన్ స్టడీస్ మొదట 1948లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో మెల్విల్ హెర్స్‌కోవిట్స్ పెట్టిన ప్రోగ్రాంతో నిలదొక్కుకుంది. 1958లో నేషనల్ డిఫెన్స్ ఎడ్యుకేషన్ యాక్ట్ వచ్చాక ప్రభుత్వ డబ్బు దొరికింది. ప్రచ్ఛన్న యుద్ధం రోజులు. ఇతర దేశాల భాషలు తెలిసినవాళ్లు సర్కారుకు కావాలి. బ్లాక్ స్టడీస్ కథ వేరు. 1968 నవంబరు 6న శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో విద్యార్థులు సమ్మె మొదలుపెట్టి, 1969 మార్చి దాకా నడిపి, పట్టుబట్టి సాధించుకున్న చదువు అది. కార్నెల్‌లో 1969లో మొదలైన కేంద్రం ఈ రెండు వైపులనూ కలిపి ‘ఆఫ్రికానా’ అన్న పేరు పెట్టుకుంది. హార్వర్డ్ డిపార్ట్‌మెంటు 1969లో ఆఫ్రో-అమెరికన్ స్టడీస్‌గా పుట్టి, 2003లో ఆఫ్రికన్ అండ్ ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్ అయింది. ఒకటి విదేశాంగ అవసరం నుంచి, ఇంకొకటి సమ్మె నుంచి, మూడోది ఆ రెంటి కలయిక నుంచి వచ్చాయి. ఇవాళ్టి కోర్సు లిస్టుల్లో కూడా ఆ పోలికలు పోలేదు. అందుకే పేరు కాదు, కోర్సు లిస్టు చదవాలి.

ముందు చూసుకోవాల్సినవి

క్రెడిట్ల లెక్క. సెమిస్టరు పద్ధతిలో డిగ్రీకి మామూలుగా 120 క్రెడిట్లు, మైనర్‌కు 15 నుంచి 21. అంటే 3 క్రెడిట్ల కోర్సులు 5 నుంచి 7. క్వార్టరు పద్ధతి అయితే ఈ అంకెలకు ఒకటిన్నర రెట్లు. 18 క్రెడిట్ల మైనర్ అనగానే ఆరు కొత్త కోర్సులు నెత్తిన పడతాయని భయపడక్కర్లేదు. ఇంట్రడక్షన్ కోర్సు మామూలుగా జనరల్ ఎడ్యుకేషన్‌లో (ఏ మేజర్ వాళ్లయినా తప్పనిసరిగా చదివే కోర్సుల్లో) హ్యుమానిటీస్ కింద చెల్లుతుంది. చరిత్ర కోర్సు చాలాచోట్ల అమెరికా చరిత్ర కిందో, డైవర్సిటీ కిందో చెల్లుతుంది. ఆ రెండూ ఎలాగూ చదవాల్సినవే. మిగిలేవి నాలుగు, రెండో ఏడాది నుంచి సెమిస్టరుకు ఒకటి. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. జనరల్ ఎడ్యుకేషన్‌తో రెండుసార్లు లెక్కపెట్టుకోవడానికి ఒప్పుకునే కాలేజీలు కూడా, మేజర్‌తో రెండుసార్లు లెక్కపెట్టుకోవడానికి సాధారణంగా ఒకటి రెండు కోర్సులకు మించి ఒప్పుకోవు. సోషియాలజీ, హిస్టరీ, పొలిటికల్ సైన్స్ మేజర్ల వాళ్లు దెబ్బతినేది ఇక్కడే. వాళ్ల కోర్సులు సగం క్రాస్-లిస్ట్ అయి (రెండు డిపార్ట్‌మెంట్ల కిందా నమోదై) ఉంటాయి కాబట్టి మైనర్ ‘దానంతట అదే’ పూర్తయిందనుకుంటారు. చివరి ఏడాది ఆడిట్‌లో, అంటే నియమాలన్నీ పూర్తయ్యాయో లేదో చూసే లెక్కలో, మూడు కోర్సులు తక్కువ చూపిస్తుంది.

కోర్సులు నిజంగా ఎన్నిసార్లు ఇస్తారు. కేటలాగులో 40 కోర్సులు ఉండొచ్చు. అది మెనూ కార్డు లాంటిది. వంటింట్లో ఆ రోజు ఏముందో సెమిస్టరు షెడ్యూలు చెబుతుంది. చిన్న డిపార్ట్‌మెంటులో ఒక ప్రొఫెసరు సబాటికల్ (పరిశోధన సెలవు) మీద వెళ్తే రెండు అప్పర్ డివిజన్ (మూడో, నాలుగో ఏడాది స్థాయి) కోర్సులు ఆ ఏడాదికి లేనట్టే. సెమినార్ కోర్సు రెండేళ్లకోసారి మాత్రమే ఇచ్చే చోట్లు ఉన్నాయి.

భాష. ఆఫ్రికన్ స్టడీస్ మైనర్‌లో ఇది అసలు ప్రశ్న. మిగతావాటిలో చాలావరకు ప్రశ్నే కాదు.

వీసా. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లకు ఓపీటీ (చదువుకు తగ్గ పని శిక్షణ అనుమతి) కింద చేసే ఉద్యోగం మేజర్‌కు నేరుగా సంబంధించినదై ఉండాలి. మైనర్‌ను ఆధారంగా చూపించడం కుదరదు. సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల డిగ్రీలకు ఇచ్చే 24 నెలల స్టెమ్ పొడిగింపు కూడా డిగ్రీ సీఐపీ కోడ్ (ప్రతి సబ్జెక్టుకు ఉండే ప్రభుత్వ నంబరు) మీదే నడుస్తుంది. ఆఫ్రికన్ స్టడీస్ 05.0101, ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్ 05.0201, రెండూ స్టెమ్ జాబితాలో లేవు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది, ఇంట్లోవాళ్లకు చెప్పాల్సింది అదే: కంప్యూటర్ సైన్స్ మేజర్ ఉన్నవాళ్లు ఈ మైనర్ చేస్తే స్టెమ్ ఓపీటీకి వచ్చే నష్టం ఏమీ లేదు. ఇబ్బంది ఎక్కడంటే, మైనర్ కోసం ఇంకో సెమిస్టరు ఉండిపోతాం అనుకోవడం. ఐ-20 (ఎఫ్-1 విద్యార్థికి కాలేజీ ఇచ్చే పత్రం) పొడిగింపుకు బలమైన అకడమిక్ కారణం అడుగుతారు. ఆలస్యంగా తగిలించుకున్న మైనర్‌ను కారణంగా ఒప్పుకుంటారన్న భరోసా పెట్టుకోకండి. మైనర్ కోర్సు ఆన్‌లైన్‌లో దొరికింది కదా అని తీసుకునే ముందు, పూర్తి స్థాయి హాజరు లెక్కలోకి టర్ముకు ఒక్క ఆన్‌లైన్ కోర్సే, అదీ 3 క్రెడిట్ల వరకే, వస్తుందని గుర్తుంచుకోవాలి.

రాష్ట్రం గాలి. 2023 జనవరిలో ఫ్లోరిడా, హైస్కూళ్లలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్‌ను తిరస్కరించింది. టెక్సస్‌లో ఎస్‌బీ 17 అన్న చట్టం 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చి ప్రభుత్వ యూనివర్సిటీల్లో డైవర్సిటీ ఆఫీసులను మూయించింది. తరగతి గది బోధనను ఆ చట్టం మినహాయించింది. అయినా చిన్న ప్రోగ్రాములు విలీనం కావడం, తక్కువ మంది చేరారని ఎత్తేయడం ఎక్కడైనా జరగొచ్చు. మందు ఒక్కటే: తొందరగా డిక్లేర్ చేయండి. ప్రోగ్రాం మూసేసేటప్పుడు అప్పటికే పేరు నమోదైన విద్యార్థులను పూర్తి చేయించి పంపడం రివాజు. ‘చేద్దామనుకుంటున్నా’ అన్నవాళ్లకు ఆ రక్షణ లేదు. డిక్లేర్ చేసిన రోజున ఆ ఏడాది కేటలాగు పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి.

ఒక్క చూపులో

| దారి | బరువు ఎటు | భాష | ఎవరికి నప్పుతుంది | ఎక్కడ దెబ్బ |
|---|---|---|---|---|
| ఆఫ్రికన్ అమెరికన్ / బ్లాక్ స్టడీస్ | అమెరికా, 1619 నుంచి ఇవాళ్టి దాకా | అక్కర్లేదు | ప్రీ-మెడ్ (మెడికల్ కాలేజీకి సిద్ధమయ్యేవాళ్లు), లా, డేటా, జర్నలిజం | ఆఫ్రికా పైపైనే |
| ఆఫ్రికన్ స్టడీస్ | ఖండం, దేశాలు, భాషలు | 2–4 సెమిస్టర్లు, లేదా గట్టి సిఫార్సు | గ్లోబల్ హెల్త్, డెవలప్‌మెంట్ ఎకనామిక్స్, ఇంధనం | సెమిస్టర్ల వరస తప్పితే ఏడాది పోతుంది |
| ఆఫ్రికానా / ఉమ్మడి | అట్లాంటిక్ రెండు ఒడ్డులూ, కరేబియన్, బ్రెజిల్ | అరుదుగా | చరిత్ర, సాహిత్యం, సంగీతం ఇష్టపడేవాళ్లు | తలో ముక్క అయిపోవడం |
| ఎత్నిక్ స్టడీస్ | నల్లవారు, లాటినో, ఆసియన్, నేటివ్ వర్గాల పోలిక | అక్కర్లేదు | టీచింగ్, సోషల్ వర్క్ | లోతు తక్కువ |
| మైనర్ లేకుండా 2–3 కోర్సులు | మీ ఇష్టం | మీ ఇష్టం | క్రెడిట్లు నిండిన ఇంజనీరింగ్ వాళ్లు | ట్రాన్‌స్క్రిప్టు మీద పేరు రాదు |

ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్

1619 ఆగస్టులో వర్జీనియా తీరంలో పాయింట్ కంఫర్ట్ దగ్గర దిగిన ఆఫ్రికన్లతో మొదలై, బానిసత్వాన్ని రద్దు చేసిన 1865 నాటి 13వ సవరణ, అంతర్యుద్ధం తర్వాతి రీకన్‌స్ట్రక్షన్ కాలం, 1910–1970 మధ్య 60 లక్షల మంది దక్షిణాది వదిలి ఉత్తరాదికి, పడమటికి పోయిన మహా వలస, బడుల్లో జాతి వేర్పాటు చెల్లదన్న 1954 బ్రౌన్ తీర్పు, 1965 ఓటు హక్కు చట్టం, ఆ తర్వాత ఇళ్లు, జైళ్లు, బడులు. ఇంట్రడక్షన్ కోర్సు వెన్నెముక ఇదే. తెలుగు ఇళ్లకు ఈ వరసలో ఒక తేదీ దగ్గరిది: వలస చట్టం మారి మనవాళ్లకు దారి తెరుచుకున్నది కూడా 1965లోనే, ఆ పౌరహక్కుల ఊపులోనే.

‘దీనివల్ల ఏం ఒరుగుతుంది’ అన్న ప్రశ్నకు ప్రీ-మెడ్ వాళ్ల దగ్గర గట్టి జవాబు ఉంది. మెడికల్ కాలేజీ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో 2015 నుంచి మనస్తత్వ, సామాజిక శాస్త్రాల విభాగం ఉంది: 59 ప్రశ్నలు, 95 నిమిషాలు. ఆరోగ్యంలో అసమానతలు అందులో నేరుగా వస్తాయి. కానీ అసలు లాభం పరీక్షది కాదు. ఒక్క ఉదాహరణ చాలు. కిడ్నీ పనితీరు చెప్పే ఈజీఎఫ్ఆర్ అంకెను రక్తంలోని క్రియాటినిన్ నుంచి లెక్కగడతారు. 2009 నాటి సీకేడీ-ఎపి సూత్రంలో రోగి నల్లజాతి వ్యక్తి అయితే వచ్చిన అంకెను 1.159తో గుణించేవారు. వయసు, లింగం, క్రియాటినిన్ అన్నీ సమానంగా ఉన్న ఇద్దరిని తీసుకోండి. ఒకరికి అంకె 18 వచ్చింది. రెండోవారు నల్లజాతి వ్యక్తి, ఆయనకు గుణకం తగిలి దాదాపు 20.9 అయింది. కిడ్నీ మార్పిడి నిరీక్షణ జాబితాలో కాలం లెక్క మొదలయ్యేది 20 లేదా అంతకు తగ్గినప్పుడు. ఒకాయన వరసలో నిలబడ్డాడు, రెండో ఆయన బయటే ఉన్నాడు. 2021లో ఆ గుణకం లేని కొత్త సూత్రం వచ్చింది. ఆ 1.159 ఎక్కడినుంచి వచ్చింది, ఏ నమ్మకం మీద నిలబడింది, అన్నది బయాలజీ క్లాసులో ఎవరూ అడగరు. ఈ మైనర్‌లో అడుగుతారు. 1932 నుంచి 1972 దాకా నడిచిన టస్కీగీ సిఫిలిస్ అధ్యయనం కూడా ఇక్కడ ఒక పేరాతో తేలిపోదు. నల్లజాతి మగవాళ్లలో 399 మంది జబ్బు ఉన్నవాళ్లు, 201 మంది లేనివాళ్లు, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకపోవడం, ఇదంతా కాగితాలు తిరగేసి చదువుతారు.

కంప్యూటర్ సైన్స్ వాళ్లకు కూడా ఇలాంటిదే ఒకటి ఉంది. 2018లో జాయ్ బువోలాంవీని, టిమ్నిట్ గెబ్రూ ముఖం చూసి ఆడా మగా చెప్పే మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. తెల్లటి మేని ఛాయ మగవాళ్ల విషయంలో తప్పు గరిష్ఠంగా 0.8 శాతం. ముదురు ఛాయ ఆడవాళ్ల దగ్గర 34.7 శాతం దాకా పోయింది. మెషిన్ లెర్నింగ్ కోర్సులో దీన్ని డేటా సమస్యగా ఒక స్లయిడ్‌లో చూపించి వదిలేస్తారు. ఆ డేటా అలా ఎందుకు పోగుపడిందో చెప్పేది ఇటువైపు.

చదివే భారం గురించి నిజం చెప్పుకోవాలి. వారానికి 80 నుంచి 120 పేజీలు, సెమినార్ అయితే చివర్లో 15–20 పేజీల వ్యాసం. ప్రాబ్లం సెట్లకు అలవాటుపడ్డవాళ్లు ‘ఇది ఈజీ ఏ’ అనుకుని ఆర్గానిక్ కెమిస్ట్రీ ఉన్న సెమిస్టర్లోనే 300 స్థాయి (పైతరగతి) సెమినార్ పెట్టుకుంటారు. రెండింట్లోనూ జీపీఏ దిగుతుంది. ఆర్గానిక్ ఉన్న టర్ములో ఇంట్రడక్షన్ కోర్సు పెట్టుకోండి, సెమినార్‌ను ల్యాబు లేని టర్ముకు తోయండి.

హైస్కూల్లో ఏపీ ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్ రాసినవాళ్లకు ఒక మాట. 2022లో పైలట్‌గా మొదలై 2024–25 నుంచి అందరికీ వచ్చిన కోర్సు అది. క్రెడిట్ ఇచ్చే కాలేజీలు ఉన్నాయి. కానీ ఇచ్చిన క్రెడిట్ ఎలెక్టివ్ కిందకు వెళ్తుందా, మైనర్‌లోని ఇంట్రడక్షన్ కోర్సుకు బదులుగా చెల్లుతుందా అన్నది వేరే ప్రశ్న. రెండోది రాతపూర్వకంగా తెచ్చుకోండి.

ఆఫ్రికన్ స్టడీస్

ఇది ఏరియా స్టడీస్. పొలిటికల్ సైన్స్, ఆంత్రొపాలజీ, పబ్లిక్ హెల్త్, భాష, అన్నీ ఒక భూభాగం చుట్టూ తిరుగుతాయి. బోస్టన్ యూనివర్సిటీ, విస్కాన్సిన్-మాడిసన్, మిషిగన్ స్టేట్, యూసీఎల్ఏ లాంటి చోట్ల పాత కేంద్రాలు, మంచి లైబ్రరీలు ఉన్నాయి. నార్త్‌వెస్టర్న్‌లో ఆఫ్రికా మీద ప్రత్యేకంగా ఒక లైబ్రరీయే ఉంది, హెర్స్‌కోవిట్స్ పేరుతో.

ఐక్యరాజ్య సమితిలో ఉన్న ఆఫ్రికా దేశాలు 54. ఆరు కోర్సుల్లో ఖండమంతా చదువుదామనుకుంటే ఏదీ అంటదు. పశ్చిమమో, తూర్పో, దక్షిణమో ఒకటి పట్టుకోండి. ఈజిప్టు, మొరాకోల మీద ఆసక్తి ఉంటే ముందే కనుక్కోండి, చాలా యూనివర్సిటీల్లో ఉత్తర ఆఫ్రికా మిడిల్ ఈస్ట్ డిపార్ట్‌మెంటు ఖాతాలో ఉంటుంది.

భాషల్లో తెలుగువాళ్లకు తొందరగా చేతికొచ్చేది స్వాహిలి. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు స్వాహిలి నేర్పడానికి 36 వారాలు పెట్టుకుంటుంది, అమ్హారిక్‌కు, జూలూకు 44. స్వాహిలిలో కొట్టును ‘దూకా’ అంటారు. మన దుకాణమే. పుస్తకం ‘కితాబు’, తెలంగాణలో చెవికి కొత్తకాదు. తమాషా బహువచనంలో ఉంది. అరబ్బీ నుంచి వచ్చిన ‘కితాబు’లోని ‘కి’ని స్వాహిలి తన సొంత ఉపసర్గ అనుకుంది. అందుకే పుస్తకాలు ‘వితాబు’ అయ్యాయి. విశేషణం కూడా వెంట నడుస్తుంది: మంచి పుస్తకం ‘కితాబు కిజూరి’, మంచి పుస్తకాలు ‘వితాబు విజూరి’. మనకు మంచి అన్నది ఎక్కడున్నా మంచే. కానీ వచ్చాడు, వచ్చింది, వచ్చారు అని కర్తను బట్టి క్రియను మార్చుకునే నాలుకకు ఈ పద్ధతి మరీ వింత అనిపించదు. యోరుబా సంగతి వేరు. ‘ఒకో’ అనే ఒకే మాట శ్రుతి మారితే మొగుడవుతాడు, తవ్వే పార అవుతుంది, ఎక్కే బండి అవుతుంది. చెవి పట్టడానికి మొదటి సెమిస్టరంతా పోతుంది.

ఇక్కడ తెలుగు విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. బీఏ డిగ్రీలకు విదేశీ భాష నియమం ఉంటుంది. తెలుగులోనో హిందీలోనో ప్రావీణ్య పరీక్ష రాసి ఆ నియమం నుంచి మినహాయింపు తెచ్చుకుంటారు. తెలివైన పనే. కానీ ఆఫ్రికన్ స్టడీస్ మైనర్ ఆలోచన ఉంటే మాత్రం ఆగండి. మినహాయింపు తీసుకుంటే స్వాహిలి నాలుగు సెమిస్టర్లూ అదనపు బరువే. తీసుకోకపోతే అవే నాలుగు సెమిస్టర్లు భాషా నియమాన్నీ తీరుస్తాయి, మైనర్‌లోనూ చెల్లుతాయి. ఈ లెక్క వేసుకోకుండా మొదటి నెలలోనే పరీక్ష రాసేయకండి. ఇంజనీరింగ్, బీఎస్ వాళ్లకు భాషా నియమం సాధారణంగా ఉండదు కాబట్టి వాళ్లకు ఈ దారి నిజంగానే బరువు.

స్వాహిలి మొదటి భాగం చాలాచోట్ల ఫాల్‌లోనే మొదలవుతుంది. స్ప్రింగ్‌లో గుర్తొస్తే ఏడాది ఆగాలి. పదిమంది కూడా చేరకపోతే పైస్థాయి సెక్షన్ రద్దయిపోవచ్చు, రెండో ఏడాది భాగం దొరకదు. విదేశీ భాషలు చదివేవాళ్లకు ప్రభుత్వ డబ్బుతో ఇచ్చే ఫ్లాస్ ఫెలోషిప్ గురించి సీనియర్లు చెబుతారు. అది అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు మాత్రమే. పైగా 2025 నుంచి ఆ నిధుల పరిస్థితి నిలకడగా లేదు. వస్తే వచ్చిందనుకోవాలి తప్ప బడ్జెట్‌లో రాసుకోవద్దు.

అక్రాలో, కేప్‌టౌన్‌లో, డాకర్‌లో ఒక సెమిస్టరు చదవడం ఈ మైనర్‌కు ప్రాణం. ఎఫ్-1 వాళ్లు వెళ్లే ముందు తమ కాలేజీలోనే నమోదు కొనసాగుతోందని, ఐ-20 మీద ప్రయాణ సంతకం ఉందని, తిరిగి రావడానికి వీసా ముద్ర చెల్లుతుందని చూసుకోవాలి. ఘనాలోకి అడుగుపెట్టాలంటే ఎల్లో ఫీవర్ టీకా కార్డు తప్పనిసరి. కార్డు చెల్లుబాటయ్యేది టీకా వేయించుకున్న పదో రోజు నుంచి. సెమిస్టరు అయ్యాక అక్కడి నుంచే హైదరాబాద్ వచ్చి అమ్మానాన్నలను చూసి వెళదామనుకునేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఘనా, నైజీరియా, కెన్యా లాంటి దేశాల నుంచి కార్డు లేకుండా వస్తే మనదేశంలో 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు.

ఎవరికి పనికొస్తుంది? పబ్లిక్ హెల్త్, డెవలప్‌మెంట్ ఎకనామిక్స్, సౌర విద్యుత్తు, గనులు. నైరోబీ, దారెస్సలాం, కంపాలాల్లో తెలుగువాళ్లు చాలాకాలంగా ఉద్యోగాలు, వ్యాపారాలు చేస్తున్నారు. అక్కడ బంధువులున్న కుటుంబాల పిల్లలకు ఈ మైనర్ అర్థం ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

ఆఫ్రికానా, ఉమ్మడి ప్రోగ్రాములు

ఉమ్మడి చదువు ఎందుకు అంటే కొన్ని అంకెలు చూడండి. అట్లాంటిక్ బానిస వ్యాపారంలో ఆఫ్రికా తీరంలో ఓడలెక్కించింది సుమారు కోటి 25 లక్షల మందిని. ప్రాణాలతో దిగింది సుమారు కోటి 7 లక్షల మంది. వాళ్లలో ఇవాళ్టి అమెరికా ఉన్న ఉత్తర అమెరికా ప్రధాన భూభాగానికి నేరుగా వచ్చినవాళ్లు 4 లక్షల లోపే. బ్రెజిల్‌కు 48 లక్షలు. అమెరికా కథ ఒక్కటే చదివితే ఆ ఓడల్లో ఎక్కువ భాగం ఎటు వెళ్లాయో తెలియకుండానే మైనర్ పూర్తవుతుంది. హైతీ విప్లవం, బ్రెజిల్, జమైకా, లండన్ ఈ ప్రోగ్రాముల్లో లోపలి విషయాలు, అనుబంధం కాదు.

హిందూ మహాసముద్రం వైపు కూడా తలుపు తీసి ఉంచేది ఈ దారే. ఇథియోపియా నుంచి బానిసగా వచ్చి దక్కన్‌ను శాసించిన మలిక్ అంబర్, నిజాం సైన్యంలోని ఆఫ్రికన్ అశ్వికదళం పేరుతో ఇప్పటికీ పిలిచే హైదరాబాద్ ఏసీ గార్డ్స్, అక్కడి సిద్దీలు, పెళ్లి బరాతుల్లో మోగే మర్ఫా. అటునుంచి ఇటు వచ్చినవాళ్లు వీళ్లయితే, 1860 నవంబరులో మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడతో మొదలైన కూలీ వలసలో నాటల్ చెరకు తోటలకు వెళ్లిన తెలుగువాళ్లు ఇటునుంచి అటు. 1946లో అంబేడ్కర్ నల్లజాతి అమెరికన్ పండితుడు డబ్ల్యూ.ఈ.బీ. డుబోయిస్‌కు ఉత్తరం రాసి, నల్లజాతివారి తరఫున ఐక్యరాజ్య సమితికి పెట్టిన విజ్ఞప్తి ప్రతి అడిగారు. సెమినార్ వ్యాసానికి ఇంతకంటే మంచి సరుకు తెలుగు, ఉర్దూ చదవగలిగినవాళ్లకు ఇంకెక్కడ దొరుకుతుంది? క్లాసులో మిగతావాళ్లు చదవలేని కాగితాలు మీరు చదవగలరు. ప్రొఫెసర్లు దీనికి విలువిస్తారు.

అయితే ఉమ్మడి ప్రోగ్రాముకు ఉమ్మడి కుటుంబం జబ్బు ఉంది. అన్నీ ఉంటాయి, ఏదీ మనది కాదు. జాజ్ ఒక కోర్సు, అపార్థెయిడ్ ఒకటి, కరేబియన్ సాహిత్యం ఒకటి, అన్నీ 100, 200 స్థాయిలోనే. చివరికి చేతిలో ఆరు పరిచయాలు మిగులుతాయి. ఇంట్రడక్షన్ అయ్యాక ఒక దారం పట్టుకోండి: భూమి, జైలు, వైద్యం, సంగీతం, ఏదో ఒకటి. మిగతా కోర్సులన్నీ దానిమీద గుచ్చండి. ఒక ప్రోగ్రామే ఎంచుకోమంటే, ప్రీ-మెడ్, డేటా వైపు వాళ్లను తప్పిస్తే, మిగతా తెలుగు విద్యార్థుల్లో ఎక్కువమందికి ఇదే మంచిదని మా అభిప్రాయం.

ఎత్నిక్ స్టడీస్

కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లలో చదివేవాళ్లకు దీన్ని తప్పించుకునే వీల్లేదు. 2020లో వచ్చిన ఏబీ 1460 చట్టం ప్రకారం 3 యూనిట్ల ఎత్నిక్ స్టడీస్ కోర్సు చేయాలి. ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్ కోర్సులకు ఇక్కడ చోటుంది. ఘనా రాజకీయాల మీద కోర్సు అయితే చెల్లదు, ఎందుకంటే నియమం అమెరికాలోని వర్గాల గురించి. కాబట్టి ఆ ఒక్క కోర్సును బ్లాక్ స్టడీస్‌లోనే తీసుకోండి. నచ్చితే మైనర్‌కు మొదటి మెట్టు, నచ్చకపోతే తప్పనిసరి పని పూర్తయినట్టు. పూర్తి మైనర్‌గా ఎత్నిక్ స్టడీస్ టీచర్లు కాబోయేవాళ్లకు బాగుంటుంది.

మైనర్ వద్దనుకుంటే

కెమికల్ ఇంజనీరింగ్ లాంటి మేజర్లలో 128 క్రెడిట్ల దాకా పోయే చోట్లు ఉన్నాయి, ఖాళీ ఎలెక్టివ్‌లు రెండో మూడో. అలాంటివాళ్లు మైనర్ కోసం వేసవి ఫీజులు కట్టి, 18 క్రెడిట్ల టర్ములు పెట్టుకోవడం దండగ. ఒక ఇంట్రడక్షన్, ఒక 300 స్థాయి కోర్సు, వీలైతే ఒక సెమినార్. చదువు దక్కుతుంది, పేరు ఒక్కటే దక్కదు. రెజ్యూమెలో కోర్సుల పేర్లు రాసుకోవచ్చు. ఫెడరల్ ఎయిడ్ తీసుకునేవాళ్లు కూడా జాగ్రత్త: డిగ్రీకి లెక్కకు రాని కోర్సులను ఎయిడ్ నమోదు స్థితిలో కలపకపోవచ్చు, మైనర్ కోర్సులు ఎలెక్టివ్ ఖాళీల్లో సరిపోతున్నాయో లేదో ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసును అడగాలి.

డిక్లేర్ చేసే వరస

మొదటి ఏడాది ఇంట్రడక్షన్. రెండో ఏడాది ఫాల్‌లో ఒక 300 స్థాయి కోర్సు, డిక్లేర్ చేయకముందే. ఇంట్రడక్షన్ ఎవరికైనా నచ్చుతుంది, చదివే భారం తెలిసేది 300లో. ఆ తర్వాత ఆలస్యం చేయకుండా డిక్లేర్. కమ్యూనిటీ కాలేజీ నుంచి బదిలీ అయ్యేవాళ్లు అక్కడ తీసుకున్న ఆఫ్రికన్ అమెరికన్ హిస్టరీ లోయర్ డివిజన్ కిందే వస్తుందని, అప్పర్ డివిజన్ కోర్సులు కొత్త కాలేజీలోనే చేయాలని లెక్కలో పెట్టుకోవాలి. మైనర్ కోర్సును పాస్/నో పాస్ కింద పెట్టకండి. చాలాచోట్ల చెల్లదు, సీ-మైనస్ కూడా చాలాచోట్ల చెల్లదు.

మైనర్ అడ్వైజర్‌కు పంపే ఈమెయిల్‌లో ఈ ఐదూ అడగండి, ఫోన్‌లో కాదు, జవాబు రాతలో ఉండాలి. నా మేజర్‌తో ఎన్ని కోర్సులు రెండుసార్లు లెక్కపెట్టుకోవచ్చు? టాపిక్స్ కోర్సు అంశం మారితే అదే నంబరుతో రెండోసారి తీసుకోవచ్చా? అప్పర్ డివిజన్ కోర్సుల్లో మైనర్ వాళ్లకు సీట్లు ఎప్పుడు తెరుస్తారు, మేజర్ వాళ్ల తర్వాతా? విదేశంలో చేసిన కోర్సులు ఎన్ని చెల్లుతాయి? సెమినార్ వచ్చే రెండేళ్లలో ఏ టర్ముల్లో ఇస్తారు? చివరి ప్రశ్నకు ‘సాధారణంగా ప్రతి ఏడాదీ ఇస్తాం’ అని జవాబు వస్తే, గత నాలుగు సెమిస్టర్ల షెడ్యూలు మీరే తీసి చూడండి. ఒక్కసారే కనిపిస్తే, ఈసారి ఇచ్చినప్పుడే తీసుకోండి.